సరస్సు నుంచి వచ్చే ఫోన్లు

మా స్నేహితుల అమ్మాయి అనన్యకు ఈమధ్య ఒక కౌంటీ ఆఫీసులో, మ్యాపుల విభాగంలో ఉద్యోగం వచ్చింది. షాంటిలీలో వాళ్ళింట్లో భోజనాలయ్యాక ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుని, "ఆంటీ, మీరు స్టేట్ మొత్తానికి రోడ్ మ్యాప్ బిల్డ్ చేశారు అని అమ్మ చెప్పింది. బట్ మ్యాప్స్ ఆల్రెడీ ఉన్నాయి కదా? మీరు యాక్చువల్‌గా ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది.

అడగడంలో వెటకారం లేదు. పాతికేళ్ళుగా మా ఆయనకు కూడా ఇదే సందేహం. ఆ పూట ఏదో చెప్పి తప్పించుకున్నాను కానీ, ఇంటికి వచ్చాక ఆ పిల్లకు సరైన సమాధానం బాకీ పడ్డాననిపించింది. అందుకని రాస్తున్నాను. నేను సివిల్ ఇంజినీరింగ్ చదువుకుని, పెళ్ళయి ఈ దేశం వచ్చి, రిచ్‌మండ్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో డ్రాయింగ్ బల్ల ముందు మొదలుపెట్టి, కంప్యూటర్ ముందు రిటైరయ్యాను. ప్రమోషన్లు, మీటింగుల సంగతి వదిలేస్తాను. వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

చివరలు కలపడం

రాష్ట్రంలో రోడ్లన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక్కచోట తెలియదంటే బయటివాళ్ళు నమ్మరు. కొత్త వీధి వేస్తే ఆ సంగతి ముందు తెలిసేది అక్కడి కౌంటీకి, అంటే మన జిల్లాలాంటి దానికి. పేరు మారిస్తే తెలిసేది వాళ్ళకే. వంతెన కూలి దారి మూసేస్తే తెలిసేదీ వాళ్ళకే. ఒక్కో కౌంటీ తన మ్యాపు తనకు నచ్చినట్టు గీసుకుంటుంది. మా పని వాళ్ళందరి దగ్గరా రోడ్లు అడిగి తెచ్చుకుని, ఒకదానితో ఒకటి అతికించి, ఆ మొత్తాన్ని తిరిగి అందరి చేతుల్లో పెట్టడం. అంబులెన్సు, ఫైరింజను, స్కూలు బస్సు, మంచు తోసే ట్రక్కు అన్నీ ఒకే రోడ్డును చూడాలి. ఇంతే మా ఉద్యోగం.

చెప్పినంత తేలిక కాదు. ప్రతి కౌంటీ తన గీత దగ్గర లోకం ఆగిపోయినట్టు గీస్తుంది. గీత అవతల తెల్లటి ఖాళీ. పక్క కౌంటీ మ్యాపు తీస్తే, ఇటువైపు తెల్లటి ఖాళీ. రెండూ పక్కపక్కన పెడితే రోడ్లు కలవవు. ఒకరి రోడ్డు చివర ఇంకొకరి పొలంలో పడుతుంది. ఒకే రోడ్డుకు అటొక పేరు, ఇటొక పేరు. కొన్నిచోట్ల రెండు కౌంటీలూ ఆ చివరి ముక్క ఎదుటివాళ్ళదే అనుకుని వదిలేస్తారు. అప్పుడు మధ్యలో కొంత నేల ఎవరి మ్యాపులోనూ ఉండదు.

మా బాస్ వాల్టర్ సర్వేయరుగా మొదలైన మనిషి. మంచి బాస్ అనను. మెచ్చుకోవడం చేతకాదు. సెలవు అడిగితే కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునేవాడు. కానీ నేను చేరిన మొదటి వారంలోనే ఒక మాట చెప్పాడు. మ్యాపులో ఖాళీ కనబడితే, అందులో ఎవరున్నారో ముందు అడగమన్నాడు. నేను తలూపాను. అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇళ్ళు లేని వీధులు

ఒకసారి ఒక కౌంటీ పంపిన రోడ్లలో ఒక కొత్త కాలనీ వచ్చింది. వీధుల పేర్లు, ఇంటి నంబర్లు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. విమానంలో పైనుంచి తీసిన ఫోటోల్లో మాత్రం గడ్డి తప్ప ఏమీ లేదు. వాల్టర్ నన్ను చూసి రమ్మన్నాడు.

సాయంకాలం వెలుగు ఇంకా ఉండగానే వెళ్ళాను. నిజంగానే గడ్డి మైదానం. బిల్డర్ దివాలా తీసి మధ్యలో వదిలేశాడట. తారు వేయలేదు, ఒక్క పునాదీ లేదు. కానీ మంటలార్పే నీళ్ళకోసం పెట్టే ఎర్రటి ఫైర్ హైడ్రెంట్లు వరసలుగా నిలబడి ఉన్నాయి. వీధి పేర్ల పలకలు కూడా పాతి ఉన్నాయి. మేపుల్, విల్లో, డాగ్‌వుడ్, అన్నీ చెట్ల పేర్లే. నేను కారు ఆపి దిగినప్పుడు, చీకటి పడుతోందని పసిగట్టి వీధిదీపాలు వాటంతట అవే వెలిగాయి. ఎవరూ లేని వీధులకు కరెంటు మాత్రం ఉంది. గాలికి గడ్డి దీపాల కింద అటూ ఇటూ ఊగుతుంటే, ఇళ్ళలోంచి మనుషులు ఇప్పుడే వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. కారెక్కి తలుపులు లాక్ చేసుకున్నాను. ఎందుకు లాక్ చేశానో ఇప్పటికీ చెప్పలేను.

ఆ వీధులను మ్యాపులోంచి తీసేశాం. లేని వీధిని తీసేయడం తేలికే. ఉన్న ఇల్లు ఎవరి మ్యాపులోనూ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

నీళ్ళలో చుక్కలు

రాష్ట్రం నైరుతి మూల కొండల్లో ఒక పెద్ద సరస్సు ఉంది. సహజంగా పుట్టింది కాదు. డ్యామ్ కట్టి ఒక లోయను ముంచితే ఏర్పడింది. ఆ సరస్సు మధ్యనుంచే రెండు కౌంటీల గీత వెళ్తుంది. లోయలో ఒకప్పుడు లారెల్ మిల్ రోడ్డు అని ఒకటి ఉండేది. మునిగిపోయాక ఇటు కౌంటీలో ఒక ముక్క, అటు కౌంటీలో ఒక ముక్క మిగిలాయి. రెండూ నీళ్ళ అంచుదాకా వచ్చి ఆగిపోతాయి.

మా టీంలో రవి అని కరీంనగర్ అబ్బాయి కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. మంచి ప్రోగ్రామరు. కౌంటీల మధ్య తెగిపోయిన రోడ్ల చివరలను దానంతట అదే కలిపే టూల్ అతనే రాశాడు. ఒకే పేరు, ఒకే దిశ, చివరలు దగ్గరగా ఉంటే కలిపేస్తుంది. వేల చోట్ల చక్కగా పనిచేసింది. ఇక్కడ మాత్రం సరస్సు మీదుగా సూటిగా ఒక రోడ్డు వేసేసింది.

అది మేము వెంటనే పట్టుకున్నాం. పట్టుకున్నది ఇలా. పాత అత్యవసర కాల్స్ అడ్రసులను మా కొత్త మ్యాపు మీద వేసి చూస్తున్నాం, అన్నీ రోడ్ల పక్కన సరిగ్గా పడుతున్నాయో లేదో అని. రవి నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఒకసారి వచ్చి చూడున్రి. కాల్స్ కొన్ని నీళ్ళల్ల పడుతున్నయ్."

"టూల్ వేసిన దొంగ రోడ్డు మీద పడుంటాయిలే."

"రోడ్డు నాదే అక్కా, తప్పే. తీసేస్త. కానీ కాల్స్ నావి కాదు గదా. అవి నిజంగ వచ్చినయ్. అన్నీ ఒక్కటే ఇల్లు."

వెళ్ళి చూశాను. సరస్సు నడిమధ్యలో ఎర్రచుక్కలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. అన్నింటి అడ్రసూ 412, లారెల్ మిల్ రోడ్డు.

ఇటువైపు కౌంటీలో అత్యవసర కాల్స్ అందుకునే 911 కేంద్రానికి ఫోన్ చేశాను. డోనా అనే ఆవిడ మాట్లాడింది. ఆ కేంద్రంలో చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి, గొంతులోనే నిదానం తెలుస్తుంది. అడ్రసు చెప్పగానే చిన్నగా నవ్వింది. దాన్ని వాళ్ళు లేక్ ఫోన్ అంటారట. వాన పడితే మోగుతుంది. ఎత్తితే ఎవరూ మాట్లాడరు, బుస్సుమని చప్పుడు. ఫోన్ కంపెనీవాళ్ళ లెక్కలో ఆ నంబరుకు ఆ అడ్రసు ఉంది. డోనా వాళ్ళవైపు రోడ్డులో చివరి ఇంటి నంబరు 412 కంటే చిన్నది. అవతలి కౌంటీలో మొదటి ఇంటి నంబరు దానికంటే పెద్దది. అంటే 412 ఉంటే గింటే నీళ్ళలో ఉండాలి. మొదట్లో ఒకసారి పడవ వేసుకుని సరస్సు మధ్యదాకా వెళ్ళి చూసి వచ్చారు కూడా.

ఇప్పుడు ఎవరినీ పంపరా అని అడిగాను.

"ఎక్కడికి పంపమంటావు, హనీ?" అంది డోనా.

తనే ఇంకో మాట చెప్పింది. పోయినేడు కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఆ కాల్ ఎత్తి, ఈసారి ఎవరో ముసలావిడ గొంతు వినబడిందని చెప్పిందట. ఎవరూ నమ్మలేదు. కొత్తవాళ్ళను సీనియర్లు ఈ లేక్ ఫోన్ కథలు చెప్పి భయపెట్టడం మామూలే. ఆ అమ్మాయి తరవాత ఉద్యోగం మానేసింది. డోనా ఇది చెబుతున్నప్పుడు నవ్వలేదు.

కొండమీద కప్పు

వాల్టర్‌కు చెప్పాను. అతను కిటికీలోంచి బయటకు చూశాడు.

"ఫోన్ అంటే తీగ," అన్నాడు. "నీళ్ళలోకి పోయిన తీగ అప్పుడే చచ్చిపోయి ఉంటుంది. ఇంకా మోగుతోందంటే, దాని చివర ఎక్కడో ఒక గోడ ఉంది. వెళ్ళి ఆ గోడ వెతుకు."

వాన పడితే మోగడం వింతేమీ కాదని కూడా అతనే చెప్పాడు. పాత తీగల్లోకి తడి చేరితే అవి తగులుతూ విడిపోతూ ఉంటాయి. అవతలి యంత్రానికి అది ఎవరో నంబరు తిప్పుతున్నట్టే ఉంటుంది. ఒక్కోసారి అలా 911కే కలుస్తుంది. ఇది విన్నాక నాకు ధైర్యం రావాలి. రాలేదు. తడిసిన తీగకు ముసలావిడ గొంతు ఎలా వస్తుంది?

రవీ నేనూ పైనుంచి తీసిన ఫోటోలను అంగుళం అంగుళం చూశాం. సరస్సుకు ఇటువైపు, లారెల్ మిల్ రోడ్డుకు చాలా దూరంగా, కొండ వీపు మీద చెట్ల సందులో ఒక కప్పు కనబడింది. తుప్పురంగు రేకు. దానికి ఏ రోడ్డూ లేదు. చలికాలం ఆకులు రాలినప్పుడు తీసిన ఫోటోలో మాత్రం సన్నటి బాట ఒకటి చారలా కనిపించింది. కౌంటీవాళ్ళను అడిగితే, వేటగాళ్ళు వేసుకున్న పాత షెడ్డు అయ్యుంటుందన్నారు.

ఇద్దరం కారులో బయలుదేరాం. ముందు లారెల్ మిల్ రోడ్డు చివరకు వెళ్ళాం, చూడాలని. పొగమంచు కమ్మి ఉంది. రోడ్డు మామూలుగా మలుపు తిరిగి, మామూలుగా దిగుతూ, ఆగకుండా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. అడ్డంగా ఒక ఇనుప గొలుసు ఉంది. అంతే. గొలుసు అవతల, నీళ్ళ కింద, రోడ్డు మధ్యనుండే పసుపుగీత ఇంకా కనబడుతూనే ఉంది. కొంతదూరం వెళ్ళి ఆకుపచ్చగా మారి, ఆ తరవాత కనబడటం మానేసింది.

రవి గొలుసు పట్టుకుని చాలాసేపు చూశాడు. "మనం లైన్ గీసినం గదా అక్కా ఇక్కడ. ఎవరన్న ఫాగ్‌ల జీపీఎస్ చూస్కుంట వస్తే?" అన్నాడు. నేను అతన్ని భుజం పట్టి కారువైపు నడిపించాను.

గోడమీది ఫోన్

కొండబాట మీద కారు కొంతవరకే వెళ్ళింది. మిగతాది నడిచాం. చెట్ల మధ్య ఉన్నట్టుండి ఇల్లు ఎదురైంది. వేటగాళ్ళ షెడ్డు కాదు. రెండంతస్తుల పాత చెక్క ఇల్లు, ముందు వరండా, వరండాలో ఊగే కుర్చీ. అంత పెద్ద ఇల్లు అంత ఎత్తుకు, రోడ్డు లేకుండా ఎలా వచ్చిందో అర్థం కాలేదు. చుట్టూ చెట్లు దానికి మరీ దగ్గరగా ఉన్నాయి, ఇల్లు వాటి మధ్యకు తరవాత వచ్చి నిలబడ్డట్టు. తలుపు మీద ఇత్తడి అంకెలు. 412.

తలుపు తీసిన ఆవిడ పేరు హేజెల్. అక్కడందరూ మిస్ హేజెల్ అంటారు. ఎనభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. మీరు ఫోన్ కంపెనీవాళ్ళా అని అడిగింది. మ్యాపులవాళ్ళమని చెబితే కొంచెం సేపు మా ఇద్దరి మొహాలూ చూసి, లోపలికి రమ్మంది. కాఫీ పెట్టింది. పెడుతూనే ఇంటి కథ చెప్పింది.

ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ ఇల్లు లోయలోనే ఉండేది. డ్యామ్ వస్తోందని అందరూ ఇళ్ళు వదిలి వెళ్ళారు. వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. ఇంటిని పునాది నుంచి లేపించి, దుంగల మీద పెట్టి, ట్రాక్టర్లతో కొండమీదకు లాగించాడు. చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో కూడా వాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. హేజెల్ వంటింటి కిటికీ దగ్గర కూర్చునేది.

"ఇల్లు కదులుతోందని నాకు తెలియలేదు," అంది. "చెట్లే మమ్మల్ని వదిలి వెళ్ళిపోతున్నాయనుకున్నాను."

వాళ్ళ నాన్న పాత నంబరు మార్చనివ్వలేదు. ఫోన్ తీగ వచ్చినప్పుడు కూడా అదే అడ్రసు రాయించాడు. ఉత్తరాలు ఊళ్ళో పోస్టాఫీసులో తెచ్చుకునేవాళ్ళు. అలా అరవై డెబ్బై ఏళ్ళు గడిచిపోయాయి. అటు కౌంటీ గానీ ఇటు కౌంటీ గానీ ఇంటికోసం ఎప్పుడూ రాలేదు.

ఎప్పుడైనా 911కి చేశారా అని అడిగాను.

చేశానంది. పోయినేడు వాన కురుస్తుండగా వరండా మెట్లమీద జారి తుంటి దగ్గర దెబ్బ తగిలింది. పాక్కుంటూ వెళ్ళి ఫోన్ అందుకుంది. ఒక అమ్మాయి అడ్రసు అడిగింది. చెప్పింది. అవతల మాట లేదు.

"తరవాత ఆ అమ్మాయి అంది, మ్యామ్, అక్కడ నీళ్ళున్నాయి, ఇల్లు లేదు అని. నేను ఇంట్లోనే ఉన్నానన్నాను. మీకు కచ్చితంగా తెలుసా అని అడిగింది. అప్పుడు లైను తెగిపోయింది." హేజెల్ కాఫీకప్పు బల్లమీద పెట్టింది. "నేలమీద పడుకుని కిటికీలోకి చూశాను. చెట్లున్నాయో లేదో చూద్దామని. నిజం చెబుతున్నాను, కాసేపు నాకే తెలియలేదు."

మర్నాడు చర్చి స్నేహితురాలు వచ్చేదాకా ఆవిడ అలాగే పడి ఉంది. ఇది చెప్పడంలో కోపమేమీ లేదు. ఎవరో దారి తప్పిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

అప్పటికే బయట చినుకులు మొదలయ్యాయి. వాన రేకుమీద పెద్దదైంది. మేము ముగ్గురం మాట్లాడుకుంటూనే ఉన్నాం. వంటింటి గోడకున్న ఫోన్, పాతకాలపు పొడుగు రిసీవరుది, ఒక్కసారి చిన్నగా టింగ్‌మంది. మోగడం కాదు. లోపల గంటకు ఏదో తగిలినట్టు. హేజెల్ అటు చూడనైనా లేదు. వానకు అది అలాగే అంటుందని చెప్పింది.

ఎందుకో నేను లేచి వెళ్ళి రిసీవరు తీశాను. బుస్సుమని చప్పుడు, దూరంగా నీళ్ళు పారుతున్నట్టు. ఆ చప్పుడు అడుగున ఎక్కడో, చాలా సన్నగా, ఒక గొంతు వినబడింది. ఎమర్జెన్సీ ఏమిటి, మీరెక్కడున్నారు అని అలవాటుగా అడుగుతోంది. సమాధానం రాదని తెలిసిన మనిషి అడిగినట్టు. అది డోనా గొంతు.

రిసీవరును రెండు చేతులతో పట్టుకున్నాను.

"డోనా, నేను భారతిని. మ్యాపుల ఆఫీసు నుంచి. నేను 412లో ఉన్నాను. ఇంట్లోంచి మాట్లాడుతున్నాను."

చాలాసేపు బుస్సుమనే చప్పుడే వినబడింది. తెగిపోయిందనుకున్నాను.

"అక్కడ ఇల్లుందా?" అంది డోనా.

ఉందన్నాను. ఇక్కడ హేజెల్ అని ఒకావిడ ఉందని, పోయినేడు కింద పడి ఫోన్ చేసింది ఈవిడేనని చెప్పాను. డోనా ఊపిరి తీసుకోవడం వినబడింది. ఆ తరవాత లైను దానంతట అదే తెగిపోయింది. రవి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

తరవాత చేసిన పని

పని అంటే ఇదీ, అనన్యా. రోడ్డు వెంట నంబర్లు లెక్కపెట్టి ఇల్లు ఎక్కడ ఉండాలో ఊహించడం మానేశాం. ప్రతి ఇంటికీ, అది నిజంగా ఉన్నచోట ఒక చుక్క పెట్టడం మొదలుపెట్టాం. రాష్ట్రమంతా. విసుగు పుట్టే పని, ఏళ్ళు పట్టింది. కొండబాటను గీసి, దానికొక పేరు పెట్టించాం. రవి తన టూల్‌ను మార్చి, నీళ్ళ మీదుగా ఏ చివరలూ కలపకుండా చేశాడు. కలపలేని చోట ఖాళీ అలాగే వదిలి, మనిషి వెళ్ళి చూడాలని గుర్తు పెట్టించాడు. కంప్యూటరుకు ఖాళీ నచ్చదు, పూడ్చేస్తుంది. నువ్వు ఖాళీని కొన్నాళ్ళు ఓర్చుకోవడం నేర్చుకోవాలి.

కౌంటీ వాళ్ళు హేజెల్‌కు కొత్త నంబరు ఇస్తామన్నారు. ఆవిడ వద్దంది. పద్ధతి ప్రకారం నంబరు మార్చాలి. నేను పద్ధతి పక్షాన మాట్లాడడానికే వెళ్ళాను, కానీ ఆ గుమ్మం ముందు నిలబడ్డాక నోరు రాలేదు. రోడ్డు పేరు మాత్రం మార్చుకుని, నంబరు ఉంచేశాం.

ఆ ఫోన్ నుంచి ఏ కాల్ వచ్చినా, మాట ఉన్నా లేకపోయినా, మనిషి వెళ్ళాల్సిందేనని వాల్టర్ పట్టుబట్టాడు. వాన పడ్డప్పుడల్లా డెప్యూటీని, అంటే కౌంటీ పోలీసును, కొండ ఎక్కించడమేమిటని కౌంటీ మేనేజరు విసుక్కున్నాడు. వాల్టర్ ఆయనతో ఏం మాట్లాడాడో నాకు తెలియదు. తలుపు వేసుకుని మాట్లాడాడు. బయటకు వచ్చాక డెప్యూటీలు వెళ్ళడం మొదలైంది. ట్రావిస్ అనే డెప్యూటీ ఎక్కువగా వెళ్ళేవాడు. తడిసిన టోపీ వరండాలో దులుపుకుని, తీగే మేడమ్ అనేవాడట. ఆవిడ కాఫీ ఇచ్చేది. తీగ మార్చమని ఫోన్ కంపెనీకి ఎన్నిసార్లు రాసినా, ఒక్క ఇంటికోసం అంత తీగ వేయడానికి వాళ్ళకు తీరిక దొరకలేదు.

డోనా తన సెలవురోజున హేజెల్‌ను చూడడానికి వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు చెప్పలేదు. అప్పటినుంచి నెలకొకసారి వెళ్ళేది.

గడ్డకట్టిన రోజు

రెండు చలికాలాలు మామూలుగా గడిచాయి. మూడోదాంట్లో ఒక రోజు డోనా నాకు ఆఫీసుకు ఫోన్ చేసింది. తన పేరు కూడా చెప్పకుండా మొదలుపెట్టింది.

ఆ ఉదయం లేక్ ఫోన్ నుంచి కాల్ వచ్చింది. అదే బుస్సుమనే చప్పుడు. అడిగితే సమాధానం లేదు. పక్క సీటులో ఉన్నతను తీగేలే అన్నాడు. డోనా కూడా ముందు అలాగే అనుకుంది. డెప్యూటీని తీరిగ్గా పంపొచ్చులే అని చెయ్యి ఇంకో కాల్ మీదకు వెళ్తుండగా కిటికీలోంచి బయటకు చూసింది. పది రోజులుగా వాన లేదు. నేల రాయిలా గడ్డకట్టి ఉంది. ఎక్కడా ఒక్క చుక్క నీరు కదలడం లేదు.

ట్రావిస్‌ను పంపింది. త్వరగా వెళ్ళమంది. అతను మంచులో జారుతూ కొండెక్కి వెళ్ళేసరికి, హేజెల్ వంటింట్లో నేలమీద ఉంది. రిసీవరు ఆవిడ చెంప పక్కనే పడి ఉంది. పక్షవాతం. కళ్ళు తెరిచే ఉన్నాయి, అతన్ని చూసింది. మాట మాత్రం రాలేదు. కాల్ వచ్చినంతసేపూ ఆవిడ అవతల ఉండి వింటూనే ఉంది.

"అదే చప్పుడు, భారతీ," అంది డోనా. "తీగ చేసే చప్పుడుకూ దానికీ ఏమీ తేడా లేదు. ఇన్నాళ్ళూ విన్నాను కదా, నాకు తెలియాలి. ఏమీ తేడా లేదు."

ఇద్దరం చాలాసేపు ఫోన్ పెట్టేయలేదు. అంతకుముందు వచ్చిన అన్ని కాల్సూ తీగేనా అని అడగాలని నాకు అనిపించింది. అడగలేదు. డోనా కూడా అదే ఆలోచిస్తోందని తెలుసు.

హేజెల్ బతికింది. ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. కుడిచెయ్యి పనిచేయలేదు. మాటలు ఒకటీ అరా వచ్చేవి, కొన్ని రోజులు అవీ వచ్చేవి కావు.

నర్సింగ్ హోమ్‌లో

నేను రిటైరయ్యే ముందు ఒకసారి వెళ్ళి చూశాను. డోనా కూడా వచ్చింది. వెలుతురు బాగా వచ్చే గది. హేజెల్ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టిందో లేదో కానీ, డోనాను చూసి ఎడమచెయ్యి చాపింది.

ఏం మాట్లాడాలో తెలియక నేను లాప్‌టాప్ తీశాను. ఇల్లు చూపిస్తే సంతోషిస్తుందనుకున్నాను. మా మ్యాపు తెరిచి, దాని అడుగున విమానంలోంచి తీసిన ఫోటో పెట్టి, కొండను పెద్దది చేశాను. రేకు కప్పు, బాట, బాటకు పేరు, కప్పు మీద మేము పెట్టిన చుక్క. మీ ఇల్లు ఇదిగో అన్నాను.

ఆవిడ ముందుకు వంగి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత ఎడమచేతి చూపుడువేలు తెర మీద పెట్టింది. కప్పు మీద పెట్టింది ముందు. అక్కడనుంచి మెల్లగా జరపడం మొదలుపెట్టింది. చెట్ల మీదుగా, కొండ వాలు మీదుగా కిందకు, ఒడ్డు దాటి, నీలంగా ఉన్న నీళ్ళమీదకు. ఎక్కడా తడబడలేదు. దారి తెలిసిన మనిషి నడిచినట్టు జరిపింది. సరస్సు నడిమధ్యకు వచ్చాక వేలు ఆగింది.

రవి నన్ను పిలిచి చూపించిన ఎర్రచుక్కలు పడిన చోటు అది. ఏ ఇల్లూ లేదని, లెక్క తప్పిందని మేము చెరిపేసిన చోటు.

"ఇక్కడ," అంది హేజెల్. ఆ రోజు ఆవిడ నోటివెంట వచ్చిన మాట అదొక్కటే.

డోనా నా వైపు చూసింది. నేను కొండమీద కప్పును మళ్ళీ చూపించబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ వేలు నీళ్ళమీదే ఉంది. ఆవిడ తీసేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.